పందిరి కనబడితే పరిగెత్తే చెయ్యి

నిన్న మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పెట్టిన ఫోను ఉన్నట్టుండి డ్రమ్ము కొట్టడం మొదలుపెట్టింది. మజ్జిగ గ్లాసు వణికింది. నా కుడి మణికట్టు దానంతటదే కదిలింది. ఎందుకు కదలదు? ఆ ఫోనులో మోగుతున్నది నా చెయ్యే, ఇరవై ఏళ్ల కిందటి చెయ్యి. పంపినవాడు ప్రసాదు. అప్పట్లో రాజమండ్రిలో మేం ముగ్గురం కలిసి తయారు చేసిన ‘అడుగు తాళం’ అనే కంప్యూటరు ఆటకు ప్రోగ్రాము రాసింది అతనే. ఇప్పుడు ఆ ఆటనే ఏ కంపెనీ అండా లేకుండా, సొంతంగా ఫోనుల్లోకి తెస్తున్నాడు. ఇంకా విడుదల కాలేదు. ఆట మొదలయ్యే ముందు, మా ఇద్దరినీ పోగుచేసి ఆ ఆట తలపెట్టిన విశాలాక్షి గారి గురించి కొన్ని పేజీలు ఉండాలనీ, ఆవిడను ఎన్నడూ చూడనివాళ్లకు కూడా ఆవిడ తెలియాలనీ అతని కోరిక. రాయమని నన్ను అడిగాడు. అడగవలసిన మనిషినే అడిగాడు. ఎందుకంటే గోదావరి జిల్లాల్లో కంప్యూటరుకు తాళం నేర్పిన మొట్టమొదటి మనిషిని నేనే.

విశాలాక్షి గారిది కోనసీమ. కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నలభై ఏళ్ల వయసులో ఆ ఉద్యోగం మానేసి, టైర్ల కొట్టు మీద ఒక గది తీసుకుని, అందులో రెండు కంప్యూటర్లు పెట్టుకుని ఆట తయారు చేయడానికి కూర్చున్నారు. తలుపు మీద పెద్దక్షరాలతో ‘త్వరలో’ అని రాసిన కాగితం అంటించారు. ఏది త్వరలో అన్నది మాత్రం రాయలేదు. నేను పెళ్ళిళ్ల బ్యాండు మేళంలో డ్రమ్ము వాయించేవాణ్ణి. జిల్లాలో ఉన్న ముప్పై మంది డ్రమ్మర్లను పరీక్షించి ఆవిడ నన్ను ఎంచుకున్నారని చాలా ఏళ్లపాటు చెప్పుకున్నాను. ముప్పై మంది కాదు, ఇద్దరం. ఆ రెండోవాడికి ఆరోజు ముహూర్తం ఉండి రాలేదు.

మొదటిరోజు ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆట గురించి చెప్పారు. “చిట్టి అని ఒక అమ్మాయండి. గోదావరి గట్టు వెంట నడుస్తుంది. మండపేట మిల్లులు దాటి, రావులపాలెం అరటి గెలల మధ్య నుంచి, మొగల్తూరు దగ్గర సముద్రం దాకా వెళ్ళాలి. డ్రమ్ము మీద దెబ్బ పడినప్పుడే చిట్టి అడుగు పడాలి. ఆడేవాళ్లు ఆ క్షణానికి మీట నొక్కాలన్నమాట. తప్పితే పిల్ల కాలవలో పడుతుంది.”

“అంత దూరం నడవడం ఎందుకండీ మేడం గారూ? బస్సులున్నాయి కదండీ.”

“బస్సెక్కితే మనకి పనేముంటుందండీ అబ్బులు గారూ?” అన్నారు ఆవిడ నవ్వకుండా. “ఒక్కటే అడుగుతాను. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా వేగం ఒక్కలాగే ఉండాలి. ఉంటుందా?”

“నా చెయ్యి గడియారమండి. మీ గోడ గడియారం తేడా చేస్తే నన్ను పిలిపించండి, సరిచేసి వెళ్తాను.”

ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. ఆవిడ నోటుబుక్కు తీసి, ‘వేగం మారదు’ అని రాసుకున్నారు.

కింద లారీల మోత వినబడకుండా కిటికీలకు బొంతలు కట్టి, ఎనిమిది నిమిషాలపాటు నా వాయింపు రికార్డు చేశారు. చెమటతో తడిసిపోయాను గానీ ఎక్కడా చెయ్యి తడబడలేదు. ప్రసాదు ఆ వాయింపును, వేగం మారదన్న లెక్కతోనే, ఆటలో కలిపాడు. మండపేట దాకా చిట్టి రాణిలా నడిచింది. రావులపాలెం దగ్గర తూలింది. అది దాటాక ఎవరు ఆడినా కాలవే. ప్రసాదు ఆడితే పడింది, విశాలాక్షి గారు ఆడితే పడింది, స్వయంగా వాయించిన నేను ఆడినా పడింది. చెవి ఒకటి చెబుతోంది, కంప్యూటరు లెక్క ఇంకొకటి చెబుతోంది. ప్రోగ్రాములో ఏదో తప్పుందన్నారు. మూడు వారాలు ప్రసాదు దాన్ని మొదటి వరస నుంచి చివరి వరస దాకా వెతికాడు. అప్పటికే ముప్పై దాటినవాడు, ఈ ఆట కోసం బ్యాంకు ఉద్యోగం వదులుకున్నవాడు. కళ్ల కింద నలుపు దిగింది. నేను పక్కన కూర్చుని, “వోల్టేజీ సరిగ్గా లేదేమో చూడు ప్రసాదూ” అని సలహా ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి చెప్పేస్తాను. లోపం ఎక్కడుందో నాకు రెండోరోజుకే తెలిసిపోయింది. మా పెళ్ళిళ్ల మేళంలో ఒక అలవాటు ఉంది. పెళ్ళికొడుకు ఊరేగింపు బయలుదేరినప్పుడు నెమ్మదిగా ఎత్తుకుంటాం. వీధి మలుపు తిరిగాక కాస్త పెంచుతాం. పందిరి కనబడిందా, ఇక చెయ్యి మన మాట వినదు. కుర్రాళ్లు ఎగురుతుంటారు, ఆడపెళ్ళివారు హారతి పళ్లెంతో ఎదురొస్తుంటారు, లోపల పులిహోర సిద్ధంగా ఉంటుంది. ఏ డ్రమ్మరూ అది నేర్చుకోడు, ఏ డ్రమ్మరూ దాన్ని ఆపలేడు. బొంతలు కట్టిన ఆ గదిలో పందిరి లేకపోయినా, ఎనిమిదో నిమిషానికి నా చేతికి పందిరి కనబడింది. కంప్యూటరుకు తాళం నేర్పానన్నానే, నేను నేర్పింది ఇదీ. గడియారాన్నని చెప్పుకున్న నోటితో ఆ మాట ఎలా చెప్పను?

ఒక శనివారం పొద్దున్న ప్రసాదు లేచి నిలబడ్డాడు. “మేడం, నాకు చేతకావడం లేదండి. మండపేటలో మా మామగారు మిల్లులో పని చూసి పెట్టారు. సోమవారం నుంచి అటు వెళ్ళిపోతానండి.” అతను వెళితే ఆట లేదు. తలుపు మీద కాగితం చింపుకోవడమే. విశాలాక్షి గారు ఉండమనలేదు, పొమ్మనలేదు. “ఒక్కసారి అబ్బులు గారి వాయింపు ఒక్కటే పెట్టండి. బొమ్మ వద్దు,” అన్నారు.

పెట్టాడు. ఆవిడ చెప్పులు విడిచి, దెబ్బకో అడుగు చొప్పున తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర నుంచి తలుపు దాకా నడవడం మొదలుపెట్టారు. మొదట గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టుంది. నాలుగో నిమిషానికి కూరగాయలకు ఆలస్యమైనట్టుంది. ఏడో నిమిషానికి కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, కుర్చీలు తప్పించుకుంటూ, రైలు కదిలిపోతున్నట్టు పరిగెడుతున్నారు. వాయింపు ఆగింది. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని, రొప్పుతూ నా వైపు తిరిగారు.

“అబ్బులు గారూ, నేను ఎక్కడికి పరిగెడుతున్నానండీ?”

“పందిరికండి,” అన్నాను. అని, లేచి నిలబడి, ప్రసాదు భుజం మీద చెయ్యి వేసి, “తప్పు నీది కాదురా అబ్బాయ్, నా చేతిది. నాకు ముందే తెలుసు,” అని ఒప్పుకున్నాను.

మళ్ళీ వాయించమంటారేమో అనుకున్నాను. ఆవిడ అలా అనలేదు. “ఆయన చేతిని కత్తిరించొద్దు ప్రసాదు గారూ, మన లెక్క మారుద్దాం. చివర్లో పందిరి లేకపోవడమే తప్పు గానీ, ఆ పరుగు తప్పు కాదు,” అన్నారు. ఆటలో మొగల్తూరు ఒడ్డున పెళ్ళి పందిరి వెలిసింది. చిట్టి తన అక్క పెళ్ళి వేళకు అందుకోవాలన్న కథ అప్పుడే పుట్టింది. ప్రసాదు మిల్లుకు వెళ్ళలేదు. పది రోజులు కూర్చుని నా ప్రతి దెబ్బనూ చెవితో విని గుర్తు పెట్టాడు. ఆట సీడీగా వచ్చాక నేను కళ్లారా చూశాను: పందిరి దగ్గర పడేసరికి ఆడేవాళ్లు కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఎవరు తప్పు చేశారని అడిగే ముందు, ఆ తప్పు వెంట తన కాళ్లతో నడిచి చూసిన మనిషిని నేను ఆవిడనొక్కరినే చూశాను. ఇప్పుడు మా మేళంలో కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. ఎక్కడైనా దరువు చెడితే ఎవరినీ తిట్టను. మళ్ళీ వాయించమని, నేను లేచి నడుస్తాను. నా మోకాళ్లకు ఈ పద్ధతి ఇష్టం లేదు. అయినా నడుస్తాను. చాలాసార్లు నేను నేర్పిన చోటే తప్పు దొరుకుతుంది. అది చెప్పడం మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇంతవరకూ రాసి, పొద్దున్న ప్రసాదుకు ఫోనులో చదివి వినిపించాను.

“బాగుంది బాబాయ్. కానీ మీరు లేచి నా భుజం మీద చెయ్యీ వెయ్యలేదు, ఏమీ లేదు. ‘కింద ఎవరో పిలుస్తున్నారండి’ అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. ‘తప్పు నాదండి ప్రసాదు గారూ, మూడు వారాలు మిమ్మల్నే వెతకమన్నాను’ అని చెప్పింది మేడం. ముందే తెలుసన్న మాట మీ నోటి వెంట నేను వినడం ఇదే మొదటిసారి.”