బాట లేని దేశం

కరీంనగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌లో నెలకో దేశం అనే పద్ధతి ఒకటి ఉంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం ప్రతినెలా ఒక దేశం గురించి నాలుగు పేజీలు రాసివ్వాలి. రాజధాని, భాషలు, పంటలు, ఖనిజాలు, సరిహద్దులు. అక్కడ భూగోళం చెప్పేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఈ నెల మళ్ళీ బొలీవియా వంతు వచ్చింది. పాత నోట్సునే కొంచెం సరిచేసి ఇస్తే చాలన్నారు. సరిచేయడానికి ఏముంది? ఆ దేశం ఉన్నచోటనే ఉంది.

కంప్యూటర్ ముందు కూర్చుని మొదటి పేజీ తెరిచాను. దక్షిణ అమెరికా ఖండం మధ్యలో, చుట్టూ నేలే ఉన్న దేశం. రాజ్యాంగం ప్రకారం రాజధాని సూక్రే, ప్రభుత్వం నడిచేది లాపాజ్‌లో. ముప్పై ఏడు అధికార భాషలు. ఇదంతా చూడకుండా చెప్పగలను. పోయినసారి ఈ పేజీలు రాసినప్పుడు మా బాపు ఉన్నాడు.

బాపుది ఇచ్చోడ అవతల ఒక పల్లె. వ్యవసాయం. చదువు అయిదో తరగతితో ఆగింది కానీ ఆయనకు ప్రపంచం మీద ఆరా ఆగలేదు. నెల మొదట్లో ఫోన్ చేసి "గీ నెల ఏ దేశం బిడ్డా?" అని అడిగేవాడు. నేను తిన్నానా లేదా అన్న సంగతి ఆ తర్వాతే. రాజధానులూ జనాభా లెక్కలూ ఆయనకు పట్టవు. ఆయనకు కావలసింది చెక్కుబందీ. పొలం కాగితాల్లో తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి భూమి అని నాలుగు దిక్కుల హద్దులు రాస్తారే, అది. చేనుకైనా దేశానికైనా ముందు అదే తెలియాలని ఆయన పట్టుదల. నేను విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే చెప్పేదాన్ని.

"ఉత్తరం, తూర్పు బ్రెజిల్ బాపూ. దక్షిణం అర్జెంటీనా. ఆగ్నేయం మూలకు పరాగ్వే. పడమర పెరూ, చిలీ."

"సముద్రం యే దిక్కున్నది?"

"లేదు. ఒకప్పుడు పడమర దిక్కు ఉండె. చిలీతోటి లడాయి అయితే గా ఒడ్డంత చిలీ గుంజుకున్నది."

"అంటే బాట గుంజుకున్నరన్నట్టు," అన్నాడు బాపు.

ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. మా తాత పోయాక భూమి ఇద్దరు అన్నదమ్ములకూ పంచారు. రోడ్డు పక్కనున్న పైచేను మా చిన్నబాపుకు వచ్చింది. వాగు ఒడ్డున ఉన్న నల్లరేగడి మా బాపుకు వచ్చింది. దిగువకు పోవాలంటే బండి బాట పైచేను మధ్యలోంచే. చాలా ఏళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఒక ఏడు మా బండి మలుపు తిరిగేటప్పుడు చిన్నబాపు సోయా మొక్కలు నాలుగు సాళ్ళు నలిగాయి. మాటా మాటా పెరిగింది. ఆ తర్వాతి వానాకాలం చిన్నబాపు బాటను దున్నేసి పత్తి పెట్టాడు, రోడ్డు వైపు మొగదల ముళ్ళకంచె వేశాడు. పెద్దమనుషులు కూర్చున్నారు, చాయ్ తాగారు, తీర్పు చెప్పారు: పైచేను అంచున సన్నని ఒడ్డు మీద మనిషి నడవొచ్చు, బండి పోవద్దు.

ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఎండాకాలం వాగు ఎండినప్పుడు అవతలి గట్టు నుంచి ట్రాక్టర్ దిగి దుక్కి దున్నేది. పత్తి తీసే నాటికి వాగు పారుతుంటుంది. కాబట్టి పత్తి మూటలు బాపూ, నన్ను కన్న అవ్వా నెత్తి మీద పెట్టుకుని, ఒక మనిషి మాత్రమే పట్టే ఆ ఒడ్డు మీద రోడ్డు దాకా మోసేవాళ్ళు. అవ్వ మెడ ఇప్పటికీ సరిగా తిరగదు.

అందుకే బొలీవియా మా బాపుకు పట్టుకుంది. మిగతా దేశాలన్నీ ఒక్క ఫోన్‌తో అయిపోయేవి. దీనికోసం వారంలో మూడుసార్లు చేశాడు.

"పెద్దమనుషుల కాడికి పోలేదా మరి?"

"పోయిండ్రు. అన్ని దేశాల పంచాయితీలు తెంపే పెద్ద కోర్టు దాకా పోయిండ్రు. చిలీని మాట్లాడుమని బలవంతం చెయ్యలేమన్నది కోర్టు."

"పెద్దమనుషులు యాడున్నా గంతే," అన్నాడు. "సరుకెట్ల పోతది?"

"చిలీ రేవుల నుంచే పోనిస్తరు. జాగ మాత్రం చిలీదే."

"ఒడ్డు మీద మూట మోసినట్టు."

నవ్వాడు. ఆ నవ్వు నాకు ఒళ్ళు మండించేది. ఇంత జరిగినా తమ్ముణ్ణి ఒక్క మాట అనడు, కోర్టుకు పోదామంటే వద్దంటాడు, పైగా ఊళ్ళో ఎవరైనా చిన్నబాపును తిడితే లేచి వెళ్ళిపోతాడు. మెత్తని మనిషిని చూస్తే అందరికీ అలుసే అని నేను ఎన్నోసార్లు అరిచాను.

లాపాజ్ ఎంత ఎత్తున ఉందంటే కొత్తగా పోయినవాళ్ళకు ఊపిరాడదని చెబితే, మన ఘాట్ ఎక్కేటప్పుడు లారీకి ఆడనట్టా అన్నాడు. ఆలుగడ్డ పుట్టిల్లు ఆ కొండలేనంటే నమ్మలేదు. అక్కడి జనం ఏదైనా తాగే ముందు భూతల్లికి నాలుగు చుక్కలు వంపుతారంటే మాత్రం సంబరపడ్డాడు. "మన లెక్కనే సాక పోస్తరా? అయితే మనోళ్ళే బిడ్డా." ఇక అన్నిటికన్నా ఆయనకు నచ్చింది చివరి సంగతి. సముద్రం పోయి ఇన్నేళ్ళయినా బొలీవియాకు నౌకాదళం ఉంది. టిటికాకా అనే పెద్ద సరస్సులో, నదుల్లో వాళ్ళు కసరత్తు చేస్తారు. ఏటా మార్చిలో సముద్రం పేరు మీద ఒక రోజు జరుపుకుంటారు. తెల్ల బట్టలు వేసుకుని కవాతు చేస్తారు.

"సముద్రం లేని ఓడల ఫౌజు," అన్నాడు బాపు, నెమ్మదిగా. నేను ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "నాకొక్క ముచ్చట చెప్పు. రేపు చిలీ మనసు మారి బాట ఇడిసిందనుకో. గా ఓడలు కదులుతయా? తుప్పువట్టి కూసుంటయా?"

"నాకేం ఎరుక బాపూ. పరీక్షల గట్ల అడగరు," అని ఫోన్ పెట్టేశాను.

ఆయన ఎందుకడిగాడో అప్పుడు ఆలోచించలేదు. మా ఇంట్లో ఎడ్లబండి ఉంది. బాట పోయాక దానికి పనే లేదు. ఎడ్లు ముసలివైతే వాటినీ అమ్మేశాడు. అయినా ఏటా పొలాల అమావాస్య నాడు, ఊరంతా ఎడ్లను కడిగి కొమ్ములకు రంగులేస్తుంటే, మా బాపు కొట్టంలోకి పోయి బండి గిర్రలు, అవే చక్రాలు, ఊడదీసి, ఇరుసు తుడిచి, కందెన పూసి, మళ్ళీ ఎక్కించి సీలలు బిగించేవాడు. గడ్డి మసిని ఆముదంలో నలిపి చేసిన ఆ నల్లటి కందెన రెండు రోజులు చేతుల నుంచి పోయేది కాదు. అవ్వ తిట్టేది. "యాడికి పోతదని దానికి గంత సోకు?" బాపు రెండో గిర్రకు కందెన పూసేవాడు.

ఆ నెలలోనే, కార్తీకంలో ఒక పొద్దున బాపు చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడు. అంతే. ఫోన్ వచ్చాక కరీంనగర్ నుంచి ఇంటికి ఎలా చేరానో సరిగా గుర్తు లేదు. బస్సులో పక్కనామె బత్తాయి ఒలిచి ఇచ్చింది, తిన్నాను. అది గుర్తుంది.

ఇంటికి చేరేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడుపు రాలేదు. అందరూ నా మొహం చూస్తున్నారు, ఎప్పుడు ఏడుస్తుందా అని. అప్పుడే కోచింగ్ నుంచి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది, "మేడం, బొలీవియా నోట్స్ రాలేదు" అని. నేను ఫోన్ తీసి, ఫైలు వెతికి, పంపించాను. అమ్మాయి నమస్కారం బొమ్మ పెట్టింది. పక్కనున్న ముసలమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఆమె తప్పేం లేదు. నా చేతులు నావి కానట్టున్నాయి, ఏ పని చెబితే ఆ పని చేస్తున్నాయి.

ఎక్కడికి తీసుకుపోవాలన్న మాట వచ్చింది. ఊరి చివర వైకుంఠధామం కట్టారు, సిమెంటు రోడ్డుంది, నల్లా ఉంది, అక్కడికే అన్నారు అందరూ. అవ్వ తల ఎత్తకుండానే అంది:

"ఆయన చేన్లనే పెట్టుమన్నడు."

ఒడ్డు మీద పాడె పోదు, నలుగురు మోయాలంటే ఇద్దరిద్దరు పక్కపక్కన నడవాలి. వాగు నిండుగా ఉంది. ఇక ఉన్నది పైచేనే. అందరి చూపూ గోడ పక్కన నిలబడ్డ చిన్నబాపు మీదికి పోయింది. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు, దగ్గరికి రాలేదు, అన్న ముఖం చూడలేదు. తువ్వాల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. "చచ్చినా పంతం ఇడువడాయె," అని ఎవరో గొణిగారు. నాకు కోపం రావాలి. రాలేదు. సరే, అనుకున్నాను.

కొంచెంసేపటికి అవ్వ నా మోచేయి పట్టుకుంది. "పోయి అడుగు బిడ్డా. నేనైతే అడుగ." ఆమె బతుకంతా అడగలేదు, ఆ రోజూ అడగదలచుకోలేదు. లేచి రోడ్డు మీదుగా పైచేను దాకా నడిచాను.

కంచె లేదు. ముళ్ళకంప పీకి పక్కన పడేసి ఉంది. చిన్నబాపు లోపల వంగి ఉన్నాడు. పగిలి తెల్లగా ఉన్న పత్తి, ఇంకా తియ్యనిది. మొదటి సాలు నుంచి వేళ్ళతో సహా పీకుతున్నాడు, పాత బాట ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడ, బండి వెడల్పున. అరచేతులు గీరుకుపోయి నెత్తురు కనబడుతోంది. నన్ను చూసి ఆగలేదు.

"కట్టెలెట్ల తెస్తరే?" అన్నాడు. "నిన్న వాన కొట్టింది. ట్రాక్టర్ దిగవడ్తది."

"బండి ఉన్నది చిన్నబాపూ."

"ఎడ్లేవి?"

"మనుషులు గుంజుతరు."

అప్పుడు నడుం ఎత్తాడు. "అన్నేండ్లు కొట్టంల పడున్న బండి. గిర్రలు తిరుగుతయా?"

"తిరుగుతయి," అన్నాను.

కొట్టంలోంచి బండి తీసి కట్టెలు పేర్చారు. కాడికి ఒకవైపు చిన్నబాపు భుజం పెట్టాడు, మరోవైపు మా దాయాది పాలోళ్ళలో ఒకాయన. వెనక నుంచి నలుగురు తోశారు. నేను పక్కన నడిచాను. రోడ్డు దాటి చేనులోకి దిగారు. నాలుగు అడుగులు వేసి చిన్నబాపు గభాలున ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. అన్నేళ్ళు పడున్న బండి అంత బరువుతో ఎలా వస్తుందో మాకు తెలుసు, ఊరవతల నుంచే కీచుమంటూ వినబడుతుంది. ఇది ఇంతదూరం ఏ చప్పుడూ లేకుండా వచ్చింది. ఆయన చూపు గిర్రల మీద ఆగింది.

"కందెన ఎవలేసిండ్రే?"

"బాపే. ఏటా పొలాలకు ఏస్తుండె."

"బాటే లేకపాయె గదా," అన్నాడు చిన్నబాపు.

ఆయన గిర్ర మీద చెయ్యి పెట్టాడు. వేళ్ళకు నల్లగా అంటింది. దాన్ని చూస్తూ అట్లాగే మట్టిలో కూలబడ్డాడు. లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

తర్వాత పాడె తెచ్చారు. కంచె పీకేసిన చోట దించారు. దింపుడు కళ్ళం, పోయినవాళ్ళ చెవిలో చివరిసారి పిలిచి చూడడం. నన్ను పిలవమన్నారు. నేను చిన్నబాపు వైపు తిరిగాను. చిన్నబాపు మోకాళ్ళ మీద వంగి ఆ చెవిలో "అన్నా" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారి అరిచాడు. తలకొరివి నేనే పెట్టాను. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు.

ఆ బాట ఇప్పటికీ తెరిచే ఉంది. చిన్నబాపు మళ్ళీ దున్నలేదు. అవ్వ మాత్రం చేనుకు పోయినప్పుడల్లా ఒడ్డు మీదనే నడుస్తుంది. బాట ఉన్నది గదా అవ్వా అంటే వినబడనట్టు పోతుంది.

నోట్సు నాలుగో పేజీకి వచ్చాను. సముద్రతీరం లేదు, నౌకాదళం ఉంది. పరీక్షలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుందని పిల్లలకు గీత గీయించే వాక్యం. దీని దగ్గర చాలాసేపటి నుంచి ఆగిపోయి ఉన్నాను. స్క్రీన్ మసకగా కనబడుతుంటే కళ్ళజోడు తుడుచుకున్నాను. కళ్ళజోడు బాగానే ఉంది. ఆ రోజు ఫోన్ పెట్టెయ్యకుండా ఇంకొంచెం మాట్లాడవలసింది. బాట దొరికితే ఆ ఓడలు కదులుతాయా అని అడిగావు కదా.

కదులుతయి బాపూ. చప్పుడు సుత చెయ్యయి.