కోర్టు చుట్టూ ప్రదక్షిణ

మొన్న అఫిడవిట్ పని మీద కోర్టుకు వెళ్తే, ఆవరణలోని పాత భవనానికి రేకులు అడ్డం కట్టి ఉన్నాయి. కూల్చేస్తారట. వెంట వచ్చిన మేనకోడలు "అచ్ఛా హీ హై బువా, ఖండహర్ హో గయా థా" అంది. పాడుబడిందో లేదో ముందు తెలుగులో చెప్పు, అప్పుడు ఒప్పుకోవాలో లేదో చూస్తానని అక్కడే దానితో తగువు వేసుకున్నాను.

అప్పట్లో కోర్టు నడిచిన ఆ భవనం మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నాలుగు వైపులా కమానుల వరండా, గజం మందం ఇటుక గోడలు, ఎత్తయిన కప్పు కింద చెక్క రెక్కల కిటికీలు, పైన పెంకులు. సాక్చి బజారంతా ఎండకు మాడిపోతున్నా లోపల చల్లగా ఉండేది. సున్నం గానుగ తిప్పి దాన్ని కట్టినవాళ్లలో శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వలస వచ్చిన తాపీవాళ్లు ఉన్నారని మా తాతయ్య చెప్పేవాడు. నిజమో, మనవాళ్ల గొప్పలో నాకు తెలియదు గాని, నాన్నమ్మ మాత్రం నమ్మింది.

తాతయ్య పోయాక, భుయ్యాడీహ్ బస్తీలో ఆయన కట్టిన రెండు గదుల ఇల్లు తనదని ఆయన తమ్ముడి కొడుకు దావా వేశాడు. ఓడిపోతే మాకు తల దాచుకునే చోటు లేదు. ప్రతి వాయిదాకూ నాన్నమ్మ చెప్పులు మెట్ల దగ్గర విడిచి, కోర్టును కుడిచేతి వైపు ఉంచుకుని, వరండా వెంట ఒక చుట్టు తిరిగాకే లోపలికి వెళ్లేది. మనవాళ్ల చెయ్యి పడ్డ గోడలు, న్యాయం చెప్పే చోటు, గుడి కాక మరేమిటని ఆవిడ వాదన. నాకీ నోరు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

సాక్ష్యం చెప్పాల్సిన రోజున, ఆవిడ ఇంకా చుట్టు మధ్యలో ఉండగానే, బంట్రోతు ముందు గుమ్మంలోకి వచ్చి పేరు పిలిచాడు. మూడు పిలుపులకూ పలకకపోతే గైర్హాజరే. ఆ గోడలేమో పిలుపును వెనక వైపుకు పోనివ్వవు. నాన్న లోపల వకీలు దగ్గర ఉన్నాడు. అప్పటికి ఐదో క్లాసు చదువుతున్న నేను రెండో పిలుపు వింటూనే వెనక వరండాకు పరుగెత్తాను.

"నాన్నమ్మా, పిలిచేత్తన్నారు! ఇలాగే ఎనక్కి వచ్చీ!"

"సగంలో ఎనక్కి తిరుగుతారేటే? జడ్జీ ఏటి, పారిపోతాడా?"

అడుగు వేగమైనా పెంచలేదు. మళ్లీ పరుగెత్తుకొచ్చి, బంట్రోతుకు అడ్డం నిలబడి, బడిలో నేర్చిన హిందీ అంతా ఖర్చు పెట్టి, మూడోసారి పిలవొద్దని పోట్లాడాను.

"తేరీ దాదీ యహాఁ ఘూమ్‌నే ఆయీ హై క్యా?" అన్నాడాయన.

షికారు కాదు, "పూజా కర్ రహీ హై, ఆప్‌కే కోర్ట్ కీ!" అని అరిచాను.

నవ్వాడో, విసుక్కున్నాడో, ఆయన గుమ్మం వదిలి వరండా మూల దాకా నడిచి, మలుపులో నిలబడి మూడో పిలుపు పిలిచాడు. "వత్తన్నాను బాబూ, వత్తన్నాను!" అని కమానుల కిందుగా జవాబు వచ్చింది. చుట్టు పూర్తి చేసుకునే వచ్చింది మహాతల్లి. సాక్ష్యం చెప్పింది. ఇల్లు మాకే దక్కింది.

నాన్నమ్మ ఆ ఇంట్లోనే కన్ను మూసింది. తర్వాత మా తమ్ముళ్లు దాన్ని తీసేసి మూడంతస్తులు లేపుతామన్నారు. వద్దని నేను నోరు నొప్పి పుట్టేలా వాదించాను గాని, నా మాట వినేదెవరు? అంత పోరాడి నిలబెట్టుకున్న ఇల్లు, ఏ దావా లేకుండానే, ఒక ఆదివారం పొద్దున్న నేలమట్టమైంది. నాన్నమ్మ పొయ్యి ఉన్న చోట ఇప్పుడు స్కూటర్లు నిలబెడుతున్నాం.