పటంలో బూడిద రంగు చోటు

వినైల్ రోలు ప్రింటర్‌లోంచి వేడివేడిగా బయటికి వచ్చేటప్పుడు ఒక వాసన వస్తుంది. సిరా, ప్లాస్టిక్కు, కొంచెం మాడిన దుమ్ము కలిసిన వాసన. మా షాపుకి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. సౌదీ కొండల్లోని ఈ అభాలో చలికాలం పొద్దున్నే పొగమంచు గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది కాబట్టి మేము కిటికీలు తెరవం, ఆ వాసన గదిలోనే తిరుగుతూ ఉంటుంది. నాకది అలవాటే కాదు, ఇష్టం కూడా. మొన్న ఒక ఆసుపత్రి బోర్డు ప్రింటుకి పెట్టి, వాసన తగలగానే మిషన్ ఆపేశాను. బోర్డు మీది మాటలు పైకి చదవలేదని గుర్తొచ్చింది. చదివి, మళ్ళీ నడిపించాను. పదకొండేళ్ళ కిందట, సౌదీలోనే సముద్రపు ఒడ్డున ఉన్న యాన్బులో, పైకి చదివే ఈ అలవాటు నాకు చేసిన మనిషి పేరు ఖాదర్ భాయ్.

ఆయనది ప్రొద్దుటూరు. యాన్బులో సైన్‌బోర్డులు, ఫ్లెక్సులు వేసే షాపుకి ఇన్‌చార్జి. పొట్టి మనిషి, మెడలో ఎప్పుడూ కొలత టేపు. ఇంగ్లీషు అంతంత మాత్రం, అరబీ మాత్రం అచ్చంగా అక్కడ పుట్టినవాడిలా మాట్లాడేవారు. నేను రాజమండ్రిలో ఫోటో స్టూడియో మూసేసి, పెళ్ళైన నాలుగో నెలలో ఆయన దగ్గరికి డిజైనర్‌గా వెళ్ళాను. కంప్యూటరు మీద నాకంటే మొనగాడు లేడని నా నమ్మకం. ఆ నమ్మకం వారం రోజులు కూడా నిలవలేదు.

ఖాదర్ భాయ్‌కి ఒక పద్ధతి ఉండేది. ఏ బోర్డైనా ప్రింటుకి వెళ్ళేముందు దాని మీది ప్రతి మాటా పైకి చదవాలి. అరబీ ఆయన చదివి నాకు తెలుగులో చెప్పేవారు, ఇంగ్లీషు నేను చదివి ఆయనకి చెప్పాలి. ఇద్దరికీ అర్థమైతేనే మిషన్ నడిచేది. సెలూన్ బోర్డైనా, టైర్ల కొట్టు బోర్డైనా అంతే. ఇదేం చాదస్తం అని నాకు లోపల నవ్వొచ్చేది. ఒకరోజు ఆయన మధ్యాహ్నం జొహర్ నమాజుకి వెళ్ళినప్పుడు రొట్టెల కొట్టు బోర్డొకటి నేనే వేసేశాను. అరబీలో అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి. మా పాత సాఫ్ట్‌వేర్‌లో కాపీ చేసి పెడితే చేతులు వదిలేసి, వెనక్కి తిరిగి, విడివిడిగా నిలబడతాయి. నాకేం తెలుసు, చూడ్డానికి అందంగానే ఉంది. మర్నాడు ఆ వీధంతా బోర్డు చూసి నవ్వింది. షాపు యజమాని, అంటే మా కఫీల్, వచ్చి ఇంకొక్క తప్పు జరిగితే ఖురూజ్, అంటే దేశం విడిచి పొమ్మనే కాగితం, కొట్టి ఇంటికి పంపిస్తానని చెప్పి వెళ్ళాడు. అప్పటికి నా మూడు నెలల ప్రొబేషన్ సగమే అయింది, అక్కడ ఉండడానికి కావలసిన ఇకామా కార్డు చేతికి రాలేదు. "మూడు నెలలకే తిరిగొచ్చాడట" అని మా వీధిలో అనుకునే మాట నాకు అక్కణ్ణుంచే వినిపించేది.

అలాంటి రోజుల్లోనే ఎలుగుబంట్ల పని వచ్చింది. ఊళ్ళో ఒక బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ, ఉస్తాదా నూరా, ధ్రువపు ఎలుగుల మీద పిల్లలకి ఒక ప్రదర్శన పెడుతున్నారు. ఆరు బోర్డులు అరబీలో, అవే ఆరు ఇంగ్లీషులో. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ, లోపల మా తెర మీద మంచు. ఖాదర్ భాయ్ తన పద్ధతి ప్రకారం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఒక్కో బోర్డు చదువుకుంటూ వెళ్ళాం. తెల్లగా కనిపించే ఆ జంతువు చర్మం నల్లగా ఉంటుందని, వెంట్రుకలకి అసలు రంగే లేదని చదివినప్పుడు ఆయన మెడలోని టేపు చేత్తో పట్టుకుని తెర దగ్గరికి వంగారు. సముద్రం గడ్డకట్టిన మంచే దానికి వేట నేల. సీల్ ఊపిరి పీల్చుకోడానికి పైకి వచ్చే కన్నం దగ్గర గంటల తరబడి కదలకుండా కాచుకుంటుంది. వేసవిలో మంచు కరిగిపోయే చోట్ల ఒడ్డుకి చేరి, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద నెలల తరబడి దాదాపు తిండి లేకుండా గడుపుతుంది. ఇప్పుడు మంచు ముందుగా కరుగుతోంది, ఆలస్యంగా కడుతోంది. తల్లులు చిక్కిపోతున్నాయి, పిల్లలు బతకడం కష్టమవుతోంది.

ఆయన సోమవారం, గురువారం ఉపవాసం ఉండేవారు. ఆ రోజు సోమవారం. తిండి లేని నెలల గురించి నేను చెప్పగానే మళ్ళీ చదవమన్నారు. చదివాను.

"మనకు మగ్రిబ్ ఎప్పుడో తెలుసబ్బీ," అన్నారు. "గడియారం చూసుకుంటాం, ఖర్జూరం చేతిలో పట్టుకోని కూచుంటాం. దానికి ఇఫ్తార్ ఎప్పుడో తెలీదు గదా. మంచు వచ్చేదాకా కూచోవల్ల."

ఎక్కడో భూమి చివర ఉన్న జంతువు గురించి ఆ మాట అన్నది ఎండ తప్ప ఏమీ ఎరగని ప్రొద్దుటూరు మనిషి. నాకది బోర్డుల మీద ఉన్న అన్ని వాక్యాలకంటే ఎక్కువ చెప్పింది. అప్పుడు మాత్రం తర్వాతి బోర్డుకి వెళ్ళాను.

అరబీ బోర్డుల్లో అయిదు ఆ రోజే అయిపోయాయి. ఆరోది పటం. దాని ఫైలు మంగళవారం పొద్దున వచ్చింది. అప్పటికి ఖాదర్ భాయ్ షాపు లైసెన్సు కాగితం కోసం బలదియాకి, అంటే మునిసిపల్ ఆఫీసుకి, వెళ్ళి ఉన్నారు. ఇంతలో బడి వ్యాను గుమ్మంలోకి వచ్చి హారన్ కొడుతోంది. పటం తెరిచి చూశాను. ఉత్తర ధ్రువం చుట్టూ సముద్రాన్ని ముక్కలు ముక్కలుగా గీసి, కొన్ని ముక్కలకి పచ్చ, కొన్నిటికి ఎరుపు వేశారు. కొన్ని ముక్కలు బూడిద రంగులో ఉన్నాయి.

మా వృత్తిలో బూడిద రంగు కనపడితే మొదట వచ్చే ఆలోచన ఒక్కటే: ఇక్కడ రంగు వెయ్యడం మర్చిపోయారు. సగం చేసిన లోగోలు, రంగు లేని డబ్బాలు పంపడం కస్టమర్లకి మామూలే, నింపడం మాకు మామూలే. పైగా మా మిషన్‌లో బూడిద రంగు సరిగ్గా పడదు, గులాబీ ఛాయ తిరుగుతుంది. పక్క ముక్క పచ్చగా ఉంది కదా అని వీటికీ పచ్చ పోశాను. కింద రంగుల వివరం ఇచ్చే గళ్ళు మూడున్నాయి. మూడో గడి బూడిదది, దాని పక్కన అరబీలో ఒక ముక్క. ఇక దీంతో పనేముందని తీసేసి, మిగతా రెండూ సమానంగా సర్దాను. నా పనితనానికి నేనే మెచ్చుకుని, అతికించి వ్యాను ఎక్కించాను. మధ్యాహ్నం ఖాదర్ భాయ్ వచ్చి పటం చదివావా అని అడిగారు. రొట్టెల బోర్డు తర్వాత, తాను బయటికి వెళ్తే మిషన్ గదికి తాళం వేసి వెళ్ళే ఆయన ఆ రోజు తొందరలో వెయ్యడం మర్చిపోయారు. అంతా సరిగ్గానే ఉంది భాయ్ అన్నాను. అది నేను ఆయనతో ఆడిన మొదటి అబద్ధం.

గురువారం ఇంగ్లీషు పటం వచ్చింది. ఖాదర్ భాయ్ ఉపవాసంలో ఉన్నారు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను చదవడం మొదలుపెట్టాను. ఎరుపు అంటే ఎలుగుల సంఖ్య తగ్గుతున్న చోటు. పచ్చ అంటే నిలకడగా ఉన్న చోటు. మూడో గడి బూడిద రంగుది. ఇక్కడ ఎన్ని ఉన్నాయో, తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో చెప్పడానికి చాలినంత సమాచారం లేదు అని ఉంది.

"అరబీ దాంట్లో గూడ ఇది ఉండిందా?" అని అడిగారు.

లేదు అంటే సరిపోయేది. ప్రదర్శన ఆదివారం మొదలు. చూసేది చిన్నపిల్లలు. యాన్బులో కూర్చుని ఆర్కిటిక్ సముద్రం లెక్కలు సరిచూసేవాడెవడు? మా ఆవిడ ముఖం, మా వీధి, కఫీల్ చూపుడు వేలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. కానీ ఆయన నన్ను అనుమానంగా చూడడం లేదు. నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ నమ్మకం ముందు నాకు అబద్ధం నోరు దాటలేదు.

"ఉందండి భాయ్. ఖాళీ అనుకుని నేనే పచ్చ వేసేశాను. ఆ గడి కూడా తీసేశాను."

కేకలేస్తారనుకున్నాను. ఆయన తెర మీది బూడిద ముక్కల్ని వేలితో ఒకటొకటే తాకారు.

"తెలీదు అని రాసేదానికి వాళ్ళు ఎంత తిరిగింటారో ఆ మంచులో," అన్నారు. "నువ్వు పచ్చ పూసినావంటే, ఆడ ఎలుగులు సల్లంగా ఉండాయని చెప్పినట్టు. ఇంక వాటి కోసం ఎవురు పోయి చూస్తారబ్బీ?"

కోపం లేదు ఆ గొంతులో. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అరబీ ఫైలు అసలుది మళ్ళీ తెరిపించి, పైకి చదివి, నాకు అర్థం చెప్పి, అప్పుడు ప్రింటు వేయించారు. తర్వాత బండి తాళాలు తీసుకున్నారు. నా తప్పు ఆయన తన మీద వేసుకుంటారేమోనని దారంతా నాకొక పిరికి ఆశ. ఆయన మాత్రం స్టీరింగు పట్టుకుని రెండు అరబీ ముక్కలు నా చేత పదిసార్లు అనిపించారు. అనా గల్తాన్, తప్పు నాది. ఉస్తాదా నూరా కఫీల్‌కి ఫోన్ చేస్తే నా గతేమిటని అడిగాను. ఆమె చేసేలోపు మనమే చెప్పుదాం అన్నారు.

బడి వదిలేశారు. ఉస్తాదా నూరా ఖాళీ హాల్లో ఒక్కరే బోర్డులు సర్దుకుంటున్నారు. ఆమె ముందు నిలబడి ఆ రెండు ముక్కలూ అన్నాను. మిగతాది ఖాదర్ భాయ్ వివరించారు, కానీ మొదటి మాట నాదే కావాలని ఆయన ఆగారు. ఆమె పటం దగ్గరికి వెళ్ళి చూసి, నుదురు కొట్టుకున్నారు. తాను కూడా రెండుసార్లు ఈ బోర్డు ముందు నుంచి నడిచానని, అంతా పచ్చగా కనపడితే మనసుకి బాగుండి ఆగి చూడలేదని అన్నారట. కొత్త బోర్డు అప్పుడే అతికించాం. గాలి బుడగలు రాకుండా నేను రుద్దుతుంటే ఆయన నిచ్చెన పట్టుకున్నారు. పొద్దు గూకి మగ్రిబ్ అయ్యేసరికి బండిలోనే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, ఒకటి నాకిచ్చారు.

ఆదివారం అంచులు ఊడాయేమో చూడమని పిలిస్తే మళ్ళీ వెళ్ళాం. ఎరుపు దగ్గర, పచ్చ దగ్గర పిల్లలు ఎక్కువసేపు నిలబడలేదు. బూడిద రంగు దగ్గర మాత్రం గుంపు. పెద్దవాళ్ళకి తెలియకపోవడమేమిటని పోట్లాడుతున్నారు. దూరం, చీకటి, మంచు, విమానం దిగే చోటుండదు అని ఉస్తాదా చెబుతున్నారు. ఖాదర్ భాయ్ నా చెవిలో, "యాభై మంది పోతే లెక్కబెట్టొచ్చా అని అడుగుతాండారు, బట్టలు ఎన్ని కావల్లనో గూడ అడుగుతాండారు," అని చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వడం వల్లే అనుకుంటాను.

శుక్ర, శని సెలవులు ముగిసి కఫీల్ ఊరు తిరిగొచ్చిన ఆ సాయంత్రమే ఆయన నన్ను వెంటబెట్టుకుని కఫీల్ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పారు. కఫీల్ నాకు ఖురూజ్ అన్నాడు. మిషన్ గదికి తాళం వెయ్యకుండా పోయింది తానని, వీడి కాగితం రాస్తే తనది కూడా రాయమని ఖాదర్ భాయ్ గొంతు పెంచకుండా అన్నారు. కఫీల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి ఎవరికీ ఖురూజ్ పడలేదు. నా ఇకామా వచ్చింది. ఖాదర్ భాయ్‌ని మాత్రం ఇన్‌చార్జి పని నుంచి తీసేసి హఫర్ అల్ బాతిన్‌లో ఒక చిన్న కౌంటరుకి పంపేశారు. పదహారేళ్ళు నిలబెట్టిన షాపు. బస్సెక్కించడానికి వెళ్ళి నేను ఏడిస్తే, ఈడ సముద్రం ఉండాది, ఆడ లేదు, అంతే తేడా అని నవ్వారు. నా వల్ల పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. అక్కడ ఇంకో అయిదేళ్ళు పనిచేసి ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. నేను అభా వచ్చాను. పండక్కీ పబ్బానికీ ఫోన్లు చేసుకునేవాళ్ళం.

పోయిన నెల ఆయన కూతురు ఫోన్ చేసి నాన్నకి గుండె బాగా దెబ్బతిందని చెప్పింది. వెంటనే ఆయనకి చేశాను. గొంతు సన్నబడిపోయింది. డాక్టరు ఏమన్నాడని అడిగాను.

"ఎన్నాళ్ళని అడిగితే తెలీదన్నాడబ్బీ," అన్నారు. "మంచోడు."

మీకేం కాదు భాయ్ అనే మాట నా నాలుక మీదే ఉంది. ఇక్కణ్ణుంచి ఫోన్లో అందరికీ ఆ మాటే చెబుతాం. అమ్మకి చెబుతాం, చెల్లికి చెబుతాం, చెప్పి ఫోన్ పెట్టేసి పనిలో పడతాం. దాన్ని మింగేశాను. భయంగా ఉందా అని అడిగాను.

"ఉండాది," అన్నారు. "ఇప్పటిదాకా ఎవురూ అడగలేదు."

నా సెలవు కాగితం నిన్న సంతకమైంది. జిద్దా మీదుగా హైదరాబాదు, అక్కణ్ణుంచి రైల్లో ప్రొద్దుటూరు వైపు. ఆయన ఎలా ఉన్నారో నాకు తెలియదు. వెళ్ళి చూస్తాను.