అన్నం తిన్నాకే పేమెంటు

కౌల్ బజార్‌లో చట్నీపొళ్ళ అంగడి పద్మావతమ్మకు ఒకటే జబ్బు. ఎదుటి మనిషి అన్నం తిన్నదీ లేనిదీ తెలిస్తేగానీ ఆమె డబ్బు ముట్టదు. తెలుగువాళ్ళొస్తే "అన్నం తింటివా?", కన్నడమోళ్ళొస్తే "ఊట ఆయ్తా?", సాయిబులొస్తే "ఖానా ఖాయా?" కొనేవాడు నోటు చాపి నిలబడతాడు. ఆమె చేతులు కట్టుకుని జవాబు కోసం చూస్తుంది. ఒకసారి తక్కెడ తనిఖీకొచ్చిన ఆఫీసరు "ముందు లైసెన్సు చూపించమ్మా" అని గద్దించాడు. "తినలేదు పాపం, అందుకే ఆ కోపం" అని ఆమె బజారంతా వినేలా జాలిపడింది.

కోడలు శ్రుతికి ఈ జబ్బంటే తలనొప్పి. అందుకే ఆన్‌లైన్ అంగడి తెరవాలని పట్టుబట్టింది. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, అంగడి ఫోటో అన్నీ పేమెంట్ గేట్‌వే కంపెనీకి పంపింది.

"కొనేటోళ్ళు వాళ్ళింట్లోనే ఉండి కడతారత్తా. వాళ్ళ బ్యాంకులో డబ్బు తీసుకుని మన బ్యాంకులో వేసేది ఈ కంపెనీ."

"అంటే నాకూ వాళ్ళకూ మధ్యన మూడో మనిషా? అన్నం తిన్యారా అని అడుగుతాదా?"

"కార్డు నంబరు అడుగుతాది."

"కార్డుకేమన్నా ఆకలైతాదా?"

శ్రుతి పరీక్ష కోసం ఒక ఉత్తుత్తి పేమెంటు చేసి చూపించింది. తెర మీద పచ్చటి టిక్కు పడింది.

"ఎవురు కొనింది?"

"ఎవురూ లేరత్తా. టెస్ట్ యూజర్ అంటారు. ఉత్త పేరే, మనిషి లేడు."

పద్మావతమ్మ అంగడి ముందున్న ఖాళీ బెంచీ వైపు చాలాసేపు చూసింది. "లేనోడు కట్టిపాయెనా?" అంది మెల్లగా. శ్రుతి నవ్వబోయి ఊరుకుంది.

చివరికి అత్త పంతమే గెలిచింది. డబ్బు కట్టే మీటకు ముందు ఒక ప్రశ్న పెట్టక తప్పలేదు. 'అన్నం తిన్నారా?' కింద రెండు మీటలు: 'తిన్నాను', 'లేదు'. ఏది నొక్కినా పేమెంటు మాత్రం అయ్యేటట్టు శ్రుతి తెలివిగా ఏర్పాటు చేసింది. పాత గిరాకీలందరి ఫోన్లకూ అంగడి లింకు పంపింది.

మొదటి ఆర్డరు హచ్చొళ్ళి పల్లె నుంచి వచ్చింది. పేరు మారెప్ప. వెర్రినువ్వులతో చేసే గురెళ్ళ పొడి పొట్లం ఒకటి. అన్నం తిన్నారా? లేదు.

"మన మారెప్పే! వడ్లు అమ్మను వచ్చినప్పుడంతా నా పొడి కొనకుండా పోడు" అని పద్మావతమ్మ సంబరంగా ఫోను చేసింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు.

సిరుగుప్ప వైపు సామాన్లు తోలే ఆటో లక్ష్మన్న పొట్లం తీసుకుపోయాడు. తిరిగొచ్చేసరికి అతని ముఖంలో నెత్తురు లేదు.

"అమ్మా, మారెప్ప యాడుండాడమ్మా! పోయి శానా దినాలైందంట. ఇంటికి బీగమేసుండాది. పొట్లం గడప మీద పెట్టి వచ్చేస్తి."

రెండో ఆర్డరు వచ్చింది. అదే పేరు, అదే పొట్లం, అదే 'లేదు'. లక్ష్మన్న దేవుడికి దండం పెట్టుకుని పోయాడు. బీగం వేసినది వేసినట్టే ఉంది. మొన్నటి పొట్లం మాత్రం గడప మీద లేదు. తర్వాత వచ్చిన ఆర్డర్లూ అంతే. లక్ష్మన్న ఆటోకు నిమ్మకాయలు కట్టాడు. గేట్‌వే కంపెనీవాళ్ళు మాత్రం పేమెంట్లన్నీ నిజమైనవే అని భరోసా ఇచ్చారు. ఆ భరోసాతో శ్రుతి భయం రెట్టింపయింది. ల్యాప్‌టాప్ టింగుమంటే చాలు, చేతిలో గరిటె జారిపోయేది.

"ఆ నంబరు బ్లాక్ చేసేస్తానత్తా."

"యాలనే?"

"చచ్చిపోయినోడత్తా!"

"చచ్చినోడైతే మాత్రం? తినలేదంటాండాడు కదా!"

అంతే. క్యారియర్ నిండా అన్నం, పప్పు, వంకాయ కూర సర్దుకుని ఆమె లక్ష్మన్న ఆటో ఎక్కింది. విధిలేక శ్రుతి కూడా ఎక్కింది.

హచ్చొళ్ళిలో సందు మొదట్లోనే ఆటో ఆగింది. "బండి మొరాయిస్తాందమ్మా" అన్నాడు లక్ష్మన్న, గుడగుడమంటున్న ఇంజిను మీద చేయి వేసి. అత్తాకోడళ్ళు నడిచారు. సందులో మనిషి లేడు. కుక్క కూడా మొరగలేదు. చివరి ఇల్లు దాటితే నీళ్ళు నిలిచిన వరిమళ్ళు, వాటిమీద కదలని ఎండ.

వాకిలికి బీగం. తలుపు మీద దుమ్ము.

శ్రుతి మారెప్ప నంబరు నొక్కింది. బీగం వేసిన ఇంటి లోపల ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

"పోదాం పదత్తా" అంది శ్రుతి, అత్త కొంగు పట్టి లాగుతూ.

పద్మావతమ్మ కిటికీ సందుకు నోరు ఆనించింది. "మారెప్పా! అన్నం తింటివా?"

లోపల ఏదో కదిలింది. సన్నని గొంతు వినిపించింది.

"లేదు."

శ్రుతి అత్త నడుమును రెండు చేతులా వాటేసుకుంది. ఆమెనట్లాగే ఈడ్చుకుంటూ పద్మావతమ్మ ఇంటి వెనక్కు నడిచింది. పెరటి తలుపు తెరిచే ఉంది. లోపల గోడకు ఆనుకుని ఒక ముసలామె కూర్చునుంది. మారెప్ప పెళ్ళాం సిద్ధమ్మ. ముందు ఒక ఫోను, పక్కన విప్పని పొట్లాల కుప్ప.

"ముందర బీగం ఏందమ్మా?" పద్మావతమ్మ అడిగింది.

"ఆయప్ప పోయినప్పటి నుంచి ఓదార్చను వచ్చేటోళ్ళే. ఏడ్చి ఏడ్చి సాలయిపాయె. బీగమేసి పెరటి తట్టు తిరుగుతాండా."

"ఫోను ఎత్తకూడదా?"

"ఆయప్ప కోసరం చేసేటోళ్ళకు ఏమని చెప్పేది?"

"మరి ఆర్డర్లలో ఆయన పేరు?" శ్రుతి అడిగింది.

"నేనేం రాయలేదు. ఆ ఫోనే రాసుకుంటాది."

"ఇన్ని పొట్లాలు ఎందుకమ్మా? ఒకటి కూడా విప్పలేదే!"

సిద్ధమ్మ సిగ్గుపడినట్టు తల వంచుకుంది. "దాంట్లో అన్నం తిన్యారా అని అడిగింది. పండుకునేటప్పుడు, లేసేటప్పుడు ఏమేమో మెసేజులొస్తాయి గానీ, ఆ మాట ఎవురూ అడగరు. కడితే మళ్ళా అడుగుతాది కదా అని కడతాంటి."

పద్మావతమ్మ కోడలి మీద గయ్యిమంది. "లేదన్న మనిషి కాడ డబ్బు గుంజుకుంటాదా నీ గేటు? సిగ్గుండల్లా దానికి!" అంటూనే క్యారియర్ విప్పింది. "రా సిద్ధమ్మా, నేనూ తినలేదు. ఒక్కదాన్నే తింటే నాకు పొలమారుతాది."

వంకాయ కూర వాసనకు బండి దానంతటదే బాగైనట్టుంది. లక్ష్మన్న కూడా వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. సిద్ధమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే శ్రుతి చూస్తూ ఉండిపోయింది.

"అందర్నీ ఎందుకత్తా అట్ల అడిగేది?" తిరుగుదారిలో అడిగింది.

"అడగంది ఎవురు చెప్తారే? ఆకలి మొగం మీద రాసుంటాదా?"

మరునాడు శ్రుతి అంగడి సైటు మార్చింది. ఇప్పుడు ఎవరైనా 'లేదు' నొక్కితే పేమెంటు తెర రాదు. పద్మావతమ్మకు ఫోను పోతుంది. ఆమె ముందు వాళ్ళను తిట్టి తినిపిస్తుంది, తర్వాతే అమ్ముతుంది.

కొద్దిరోజులకు బెంగళూరులోని గేట్‌వే కంపెనీ నుంచి మౌనేష్ అనే కుర్రాడు ఫోను చేశాడు. "మేడం, మీ సైటులో చాలామంది పేమెంటు దాకా వచ్చి వెనక్కు పోతున్నారు. ఏదో సమస్య ఉంది, సరిచేద్దామా?"

శ్రుతి నోరు తెరిచేలోపే అత్త ఫోను లాక్కుంది. "నువ్వు అన్నం తింటివా నాయనా?"



"...లేదమ్మా. మీటింగులున్నాయి."

"అయితే పెట్టేయ్ ఫోను" అంది పద్మావతమ్మ. "తినేసి చెయ్యి."