కంది చేను అవతలి గొడ్డలి చప్పుడు

దయ్యాలకూ నాకూ పడదు అనడం కంటే, దయ్యాలున్నాయని చెప్పేవాళ్లకూ నాకూ పడదు అనడం సరిగ్గా ఉంటుంది. మాది సుల్తానాబాద్‌లో ఇనుప సామాన్ల దుకాణం. అమావాస్యకు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి షట్టర్‌కు కట్టడానికి వచ్చే మనిషిని గుమ్మంలోనే ఆపి పంపేసినదాన్ని. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే "నీకు వేరే పని లేదా?" అని మొహం మీదే అడిగేదాన్ని. అలాంటి నేను ఇప్పుడు ఇది రాయడానికి కూర్చున్నాను. పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మేము అమ్మేవి కొడవళ్లు, పారలు, గొడ్డళ్లు, కత్తులు. ఇదివరకు రైతులే కొనేవారు. ఈ మధ్య అడవికి పోయి, గుడారం వేసుకుని, కట్టెల పొయ్యి మీద వండుకుని వచ్చే సరదా మా వైపు కూడా మొదలైంది. ఫోన్లో వీడియో చూపించి అచ్చం అలాంటి కత్తే కావాలంటారు. వీపు మీద రంపపు పళ్లుండాలి, పిడిలో దిక్సూచి ఉండాలి. కట్టె తెగుతుందా లేదా అని మాత్రం అడగరు.

వాళ్లను కాసేపు ఆటపట్టించి, ఆ తర్వాత అసలు సంగతి చెప్పేదాన్ని. పిడి లోపల ఇనుము చివరిదాకా ఉందో లేదో చూడాలి, సగం దాకే ఉంటే కొట్టేటప్పుడు ఊడి ఎవరి మీదో పడుతుంది. లారీ కమాను పట్టీతో కమ్మరి కొట్టిన కత్తి నల్లగా, మోటుగా ఉంటుంది కానీ పదును నిలుస్తుంది. పని కాగానే నూనె రాసి గోనెలో చుట్టాలి, లేకపోతే తుప్పు పడుతుంది. పొట్టి గొడ్డలి అడిగిన వాళ్లకైతే ఇంకొంచెం గట్టిగానే చెప్పేదాన్ని. పెద్ద గొడ్డలి దెబ్బ తప్పితే నేలకు తగులుతుంది. పొట్టిదైతే, నిలబడి కొట్టేవాడి కాలికే వస్తుంది. దాన్ని మోకాళ్ల మీద కూర్చునే వాడాలి.

శేఖర్ మా మరిది, మా ఆయనకు ఒక్కడే తమ్ముడు. ట్రాక్టర్లు రిపేరు చేసేవాడు. రోజూ పొద్దున దుకాణానికి వచ్చి, నాతో నాలుగు మాటలు అనిపించుకుని, టీ తాగి పోయేవాడు. నాకు సొంత తమ్ముళ్లు లేరు. ఆ లోటు వాడి వల్లే తెలియలేదు. ఆ చలికాలం కోతలు అయిపోయి గిరాకీ లేని రోజుల్లో, ఒక ఆదివారం అడవి దిక్కు పోదామని పట్టుబట్టాడు. పొట్టి గొడ్డలి మీద వాడికి మనసు పడింది.

"వదినె, చేతుల ఎంత మంచిగున్నదో చూడు" అన్నాడు.

"చేతుల మంచిగనే ఉంటది, కాలు మీద పడ్డంక తెలుస్తది. గీ కత్తి తీస్కపో."

"రెండూ తీస్కపోదాం తియ్యి. నువ్వు వస్తున్నవ్ గద, నేర్పు."

అలా రెండూ తీసుకున్నాం. శేఖర్ భార్య సరిత రాలేదు, పాపకు జ్వరం. వెళ్లింది మేము ముగ్గురమే.

జగిత్యాల మీదుగా గోదావరి దాటి, ఖానాపూర్ అవతల అడవి అంచున మా ఆయనకు వరసకు మామ అయ్యే గంగారాం చేను ఉంది. కంది కోసేశారు, చేనంతా బోడిగా ఉంది. ఒక చివర వేపచెట్టు, రెండో చివర వాగు. వాగు గట్టు ఎత్తుగా ఉండటం వల్ల గట్టు దిగిన మనిషి కనబడడు. మేము వేపచెట్టు కింద బండి ఆపి సామాను దించాం. గంగారాం పక్క మడిలో మొక్కజొన్నకు నీళ్లు కట్టుకుంటున్నాడు.

ఎండు కట్టెలు తెస్తానని శేఖర్ గొడ్డలి పట్టుకుని బయలుదేరాడు. వాడికి ఒక మాట చెప్పాను. మా బాపు వాళ్లు కట్టెలకు పోయినప్పుడు పాటించే పద్ధతి అది. అడవిలో తలా ఒక దిక్కు పోతారు, కానీ చెవి మాత్రం పక్కవాడి దెబ్బ మీదే ఉంచుతారు. దెబ్బ వినబడుతున్నంతసేపు మనిషి బాగున్నట్టే. ఆగిపోయి చాలాసేపు వినబడకపోతే పని వదిలేసి పోయి చూడాలి. సరే అన్నాడు. చేను దాటి గట్టు దిగడం చూశాను. కాసేపటికి చప్పుడు మొదలైంది.

గొడ్డలి చప్పుడు వేరు, కత్తి చప్పుడు వేరు. అమ్మేవాళ్లం, మాకు తెలుస్తుంది. అది పొట్టి గొడ్డలే. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను, మా ఆయన వెంట తెచ్చిన బొగ్గులతో పొయ్యి అంటించాడు. కోడికూర ఉడికింది, అన్నం అయింది. ఆ చప్పుడు అలాగే వస్తోంది.

"గింత సేపు కొడుతుండేంది, చెట్టే పడగొడుతుండా?" అన్నాను.

"కొత్త గొడ్డలి గద, మోజు తీరనియ్యి" అన్నాడు మా ఆయన.

నాకు అప్పుడే ఒకటి అనిపించింది, పైకి అనలేదు. కట్టె కొట్టేవాడు మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు, కట్టె జరుపుతాడు, నరికింది పక్కకు వేస్తాడు. ఇది ఆగడం లేదు. లేచి నిలబడి, "శేఖర్, అన్నం తిందువు రా" అని గట్టిగా పిలిచాను. చప్పుడు ఆగింది. విన్నాడు, వస్తాడు అనుకున్నాను. కాసేపటికి మళ్లీ మొదలైంది. ఇంకొంచెం కొట్టి వస్తాడేమో అనుకుని కూర్చున్నాం. ఆ ఆగడమే లేకపోతే అప్పుడే పోయేవాళ్లం.

అన్నం చల్లారిపోతుంటే నాకు కోపం వచ్చింది. ఇద్దరం లేచి చేను దాటాం. నడుస్తున్నంతసేపు చప్పుడు ముందునుంచే వస్తోంది, దగ్గరవుతోంది. గట్టెక్కి కిందికి చూశాం.

శేఖర్ వాగు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాడు. మోకాలి కింద, లోపలి వైపు తెగింది. తువ్వాల చుట్టుకున్నాడు కానీ బిగించలేకపోయాడు. కింద ఇసుకంతా నల్లగా అయింది, అంచుల్లో ఎండిపోయి పెచ్చులు కట్టింది. గొడ్డలి వాడి కాళ్ల దగ్గరే ఉంది. పక్కన పడిపోయిన ఎండు కొమ్మ మీద నాలుగైదు గాట్లు ఉన్నాయి, అంతే. ఒక్క కట్టె కూడా తెగి లేదు.

చప్పుడు ఎప్పుడు ఆగిందో కచ్చితంగా చెప్పలేను. గట్టు మీంచి వాడిని చూసి నేను అరిచినప్పుడు ఆగిందని మా ఆయన అంటాడు. గట్టెక్కే ముందే ఆగిందని నాకు గుర్తు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరదు.

మా ఆయన వాడిని భుజాన వేసుకుని బండి దాకా పరిగెత్తాడు. వెనక సీట్లో వాడి తల నా ఒళ్లో పెట్టుకుని, నా కొంగు చింపి తొడకు బిగించి కట్టాను. పెదాలు తెల్లబడిపోయాయి. తెలివి మాత్రం ఉంది. "ఎందుకురా, ఒక్కసారన్న పిలవకపోతివి" అన్నాను ఏడుస్తూ.

"ఎన్నిసార్లు పిలిచిన్నో వదినె" అన్నాడు. గొంతు సగమే వస్తోంది. "అన్న కత్తితోని కొడుతనే ఉండె. జర ఆపితె నా గొంతు ఇనపడుతది అనుకున్న. ఆపనే లేదు."

బండి నడుపుతున్న మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. మేము కత్తి ముట్టుకోలేదు. అది గోనెలో చుట్టి, నూనె రాసింది రాసినట్టే డిక్కీలో ఉంది. ఆ మాట వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. "అవును బిడ్డా, ఇనపడలేదు" అన్నాను.

నిర్మల్ ఆసుపత్రి ఇంకా కొంత దూరం ఉండగానే వాడి చేయి నా చేతిలో బరువెక్కింది. అక్కడ చూసిన డాక్టరు, కాలు తెగి చాలాసేపు అయిందని, ఇంకాస్త ముందు తెస్తే బతికేవాడని చెప్పాడు. మేము కూర వండుకున్నంతసేపు వాడు అక్కడ పడి మమ్మల్ని పిలుస్తున్నాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం ముద్ద మింగుడు పడదు.

నేను ఊరికే నమ్మే రకం కాదు కాబట్టి ప్రతిదీ ఆలోచించాను. వడ్రంగి పిట్ట అయితే, గొడ్డలికీ దానికీ తేడా నాకు తెలియదా? ప్రతిధ్వని అనుకుందామంటే, కొట్టేవాడే లేడు. మధ్యలో ఇంకెవరైనా కట్టెలు కొట్టారా అంటే, మాకూ వాడికీ మధ్య ఉన్నది కోసేసిన కంది చేను. కుందేలు పరిగెత్తినా కనబడుతుంది. వాగు అవతల కూడా మా ఆయన, గంగారాం తర్వాత పోయి వెతికారు. కొత్తగా నరికిన కొమ్మ ఒక్కటి కూడా లేదు.

గంగారాం చెప్పిన మాట ఇంకా ఘోరం. మా కంటే వాగుకు దగ్గరగా ఉన్నది ఆయనే. "నాకైతె ఏ సప్పుడు ఇనపడలే బిడ్డా. కొట్టుడు ఇనపడలే, పిలుసుడు ఇనపడలే. మీరు తిని పండుకున్నరేమో అనుకున్న" అన్నాడు.

సరిత చాలా రోజులు ఏమీ అడగలేదు, ఏడవనూ లేదు. కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది. మనిషి సగమైంది. కళ్ల కింద నల్లగా ఉంది. పాపను ఎత్తుకునే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, బావ చెప్పేది, నువ్వు చెప్పేది ఒక్కటే. కొడుతున్న సప్పుడు ఇనపడ్డదని. మీరు అబద్ధం ఆడరని నాకు ఎరుకే. గదే నాకు పరేషాన్ అయితుంది. ఎవలు కొట్టిన్రు? ఆయన పిలుపు మీకు రాకుండ ఎవలు అడ్డం పడ్డరు? గదే మనసుల తిరుగుతది. చీకటి పడితె పిల్లను పట్టుకొని గోడకు కూసుంట. నిద్ర లేదు."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

"మీరు ముచ్చట్లల్ల పడి పట్టించుకోలేదని చెప్పు అక్కా. గట్లనే అయిందని చెప్పు. నిన్ను తిట్టుకుంటనన్న పండుకుంట."

నా నోటి దురుసు ఊరందరికీ తెలుసు, కానీ అంత కష్టంగా ఏ మాటా అనలేదు నేను.

"అవును సరితా. వంటల పడి వాణ్ని మర్చిపోయినం. సప్పుడు గిప్పుడు ఏం లేదు. మీ అందరికి భయపడి బావ, నేను మాట కలుపుకున్నం."

ఆమె ఏడ్చింది. భర్త పోయాక ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదలు. నన్ను నానా మాటలూ అంది. బజారు జనం గుమిగూడారు. నేను తల వంచుకుని అన్నీ పడ్డాను. పాపను ఇక మా గడప తొక్కనివ్వనని చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట మీదే ఉంది. వాళ్ల అమ్మగారిది హుజూరాబాద్, ఇప్పుడు అక్కడే ఉంటోంది.

ఈ మధ్య ఒక పెళ్లిలో ఎదురైంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. మనిషి కాస్త ఒళ్లు చేసింది, కళ్ల కింద నలుపు పోయింది. నిద్ర పడుతున్నట్టుంది. సంతోషం వేసింది, వెనకే ఏడుపు వచ్చి చేతులు కడిగే చోటికి వెళ్లి నిలబడ్డాను. ఆ రోజు కొట్టింది ఎవరో తెలిసి ఉంటే, పరిగెత్తుకుంటూ వెళ్లి ఆమెకు చెప్పేదాన్ని. నాకు తెలియదు.