గోడ మీద పటంలో కొలిచిన దూరం

ఇరవై ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో తిరుపతిలో విమానం టికెట్లు రాసే చిన్న దుకాణంలో పనిచేసేవాణ్ణి. నేను ఒక్కసారి కూడా విమానం ఎక్కింది లేదు. మాటలు మాత్రం రోజూ ఎక్కి దిగేవాడిలా ఉండేవి. గోడ మీద దేశపటం ఉండేది. ఎవరైనా అడిగితే రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి, వేగంతో భాగించి, ఇంతసేపు అని తేల్చేసేవాణ్ణి. జనం నోరు తెరిచి చూసేవాళ్లు. అది నాకు భలే ఇష్టం.

ఒక చలికాలం పొద్దున ఎనిమిదింటికి నగరి నుంచి మునిరత్నం అనే ఆయన వచ్చాడు. మగ్గం పని. విజయవాడలో చీరలమ్మే అన్న ముందు రోజు పోయాడట. అన్నకు పిల్లలు లేరు, కొరివి పెట్టాల్సింది ఈయనే. ఆరోజు పొద్దుగూకేలోపు దహనం కావాల్సిందేనని అక్కడి పెద్దల పట్టు.

"రేణిగుంటలో తొమ్మిదిన్నరకు రైలుండాది. సాయంత్రం నాలుగ్గంటలకు దింపుతాదంట. ఇమానంలో అయితే ఎంతసేపప్పా?"

స్కేలు పెట్టాను. "రేణిగుంట నుంచి గన్నవరానికి గంటేనన్నా. పదకొండుకు ఎక్కితే పన్నెండుకు ఆడుంటావు."

ఆయన ఎదురు బూత్‌కు వెళ్లి, మధ్యాహ్నానికి వస్తాను, నేనొచ్చేదాకా ఎత్తొద్దని ఫోన్ చేసి వచ్చాడు. అప్పుడు టికెట్ రాయడానికి టైమ్‌టేబుల్ తెరిచాను. నేరుగా విమానం లేదు. హైదరాబాదులో దిగి, ఐదు గంటలు కూర్చుని, ఇంకోటి ఎక్కాలి. గన్నవరం చేరేది సాయంత్రం ఆరుకు.

గడియారం చూశాను. ఎనిమిదిన్నర. రైలు ఇంకా పోలేదు. తప్పు చెప్పినాను, పరిగెత్తన్నా, అంటే సరిపోయేది. ఎందుకనలేదు? బెంచీ మీద కూర్చున్న ఇద్దరు నా లెక్కను మెచ్చుకుని ఐదు నిమిషాలైనా కాలేదు. అంతేనా? ఒక మనిషి తన అన్నను చివరిసారి చూసుకోవడం కంటే ఆ ఇద్దరి ముందు నా పరువు ఎక్కువైందా? ఎన్నేళ్లు వెతికినా ఇంకో కారణం దొరకలేదు. టికెట్ ఇంగ్లీషులో ఉంటుంది, ఆయనకు చదవడం రాదు. హైదరాబాదులో ఈ కాగితం చూపిస్తే ఇంకో విమానం ఎక్కిస్తారని మాత్రం చెప్పి, రాసిచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని నాకు దండం పెట్టాడు.

నెల తిరక్కుండానే మళ్లీ వచ్చాడు.

"నేను పొయ్యేసరికి కాలిపోతా ఉన్నిందప్పా. ఎదురుసూసి ఎదురుసూసి, వదిన తమ్ముడు పెట్టినాడంట కొరివి. ఆ పొద్దు ఇమానం లేటయిందేమో కదా?"

"అవునన్నా. లేటయింది."

"నువ్వేం సేస్తావులే. నీ లెక్క సరిగ్గానే ఉండాది."

వెళ్తూ వెళ్తూ నాకు టీ చెప్పి పోయాడు. ఆ టీ నేను తాగాను కూడా.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఇక్కడ బస్సెక్కితే నగరి ఎంతో దూరం లేదు, ఆ దూరానికి స్కేలు అక్కర్లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు. ఇకమీదైనా ఎక్కుతానని మీకు మాటివ్వలేను. ఒక్కటి మాత్రం చెప్పాను, చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. ఆరోజు విమానం ఆలస్యం కాలేదు.