నీడవైపు సీటు

గన్నవరంలో విజయవాడ బస్సెక్కేసరికి, మన దేశం చూడవచ్చిన ఓ దొరసాని, ఆమె మొగుడు నీడవైపు సీటులో కూర్చుని ఉన్నారు. నాకు ఎండవైపే మిగిలింది.

“ఎండకు ఎటు కూర్చోవాలో కూడా వాళ్ల పుస్తకంలో రాసుందంట, పిన్నిగారూ!” అని కండక్టరు నవ్వాడు.

మా ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. పొద్దు ఎటుందో చూసి నన్ను నీడవైపు కూర్చోబెట్టి, తను ఎండలో మాడేవారు. ఆయన పోయాక నా సంగతి చూసేవాళ్లు లేరు.

ఆ దొర నీళ్లసీసా ఇస్తుంటే దొరసాని విసుక్కుని తోసేస్తోంది. నాకు ఒళ్లు మండింది.

“తాగవే తల్లీ! బతిమాలే మొగుడున్నాడుగా!” అన్నాను.

నా చెమట చూసి కాబోలు, అతను లేచి నాకు చోటిచ్చాడు. కూర్చున్నాను. అతను ఎండలో నిలబడి, నా మీదుగా చెయ్యి చాచి మళ్లీ ఆవిడకే సీసా అందించాడు.

నీడలో కూర్చుని కూడా ఉడికిపోయాను.